పక్షవాతం పేషెంట్ ఇంటికి మొదటిసారి వెళ్తున్న ఓటీలకి: ఫోన్ కాల్ దగ్గర్నుంచి ఆఖరి విజిట్ దాకా

మన ప్రొఫెషన్ పేరు ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, అని చెప్తే హాస్పిటల్లో సగం మంది ఆపరేషన్ థియేటర్ అనుకుంటారు, మిగతా సగం "ఓ, ఫిజియో మేడమా" అంటారు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు దీని మీద చాలా బాధపడేదాన్ని, ఇప్పుడు పట్టించుకోవట్లేదు. ఎవరైనా అడిగితే ఒకటే చెప్తా: ఫిజియో మిమ్మల్ని నడిపిస్తారు, నేను ఆ నడిచెళ్ళి చెయ్యాల్సిన పని చేయిస్తా. ఫిజియో వాళ్ళు దీనికి ఒప్పుకోరనుకోండి, కానీ ఇంట్లోవాళ్ళకి అర్థమవుతుంది.

ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం కాదు, పని. పొద్దున లేచి పళ్ళు తోముకోవడం నుంచి రాత్రి దోమతెర కట్టుకునేదాకా అన్నీ పనులే. 1950లో ముంబై కేఈఎం హాస్పిటల్లో కమలా నింబ్కర్ గారు మన దేశంలో మొదటి ఓటీ స్కూల్ పెట్టినప్పటి నుంచి ఇదే మన సబ్జెక్టు. కానీ కాలేజీలో నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఆర్నెల్లు అయ్యి బయటికొచ్చాక మొదటి హోమ్ విజిట్‌కి వెళ్తే చేతులాడవు, ఎందుకంటే అక్కడ పట్టుకుని నడిచే పారలల్ బార్స్ ఉండవు, హైట్ మార్చుకునే మంచం ఉండదు, నవారు మంచం, జారే బండలు, ఆరుగురు చుట్టాలు ఉంటారు. అందుకే ఇది రాస్తున్నా. ఎక్కువగా స్ట్రోక్ గురించే, నేను రోజూ చూసేది అదే కాబట్టి.

స్టెప్ 1: వెళ్ళేముందు ఫోన్‌లోనే సగం పని

డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యమనండి. చూడాల్సినవి: ఏ వైపు, ఎప్పుడు వచ్చింది, బ్లాక్ వల్లా బ్లీడింగ్ వల్లా, బీపీ షుగర్ ఎంతుంటున్నాయి, ఫిట్స్ వచ్చాయా, ముక్కు గొట్టం ఇంకా ఉందా తీసేశారా. వ్యాయామానికి బీపీ లిమిట్ ఎంతో వాళ్ళ డాక్టర్‌ని అడిగి రాయించుకోమనండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

ఆ తర్వాత ఒక ముఖ్యమైన ప్రశ్న: పగలు ఇంట్లో ఎవరుంటారు? ఫోన్ చేసేది బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు, డబ్బు పంపేది ఆయనే, కానీ రోజూ లేపి బాత్రూంకి తీసుకెళ్ళేది అరవై ఏళ్ళ భార్యో లేకపోతే పనమ్మాయో. మీరు ట్రైనింగ్ ఇవ్వాల్సింది వాళ్ళకి, టైమ్ కూడా వాళ్ళకి కుదిరేది పెట్టుకోండి.

టైమ్ అంటే గుర్తొచ్చింది, పదకొండింటికి వెళ్ళకండి. అప్పటికి స్నానం చేయించి, పౌడర్ రాసి, కొత్త లుంగీ కట్టి, మంచం మీద దిండ్లకి ఆనించి కూర్చోబెడతారు, పెళ్ళిచూపులకి రెడీ చేసినట్టు. మీకేం కనిపించదు. ఏడున్నరకో ఎనిమిదింటికో వెళ్ళండి, "నేను వచ్చేదాకా స్నానం టిఫిన్ ఆపండి" అని ముందే చెప్పండి. అసలు కష్టం అంతా ఆ గంటలోనే ఉంటుంది.

స్టెప్ 2: మొదటి పది నిమిషాలు బ్యాగ్ తెరవద్దు

నేను చేసిన తప్పు చెప్తా. కొత్తలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి కూర్చోగానే కీళ్ళ వంపు కొలిచే గోనియోమీటర్ తీశా, భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, ఒక్కో జాయింటు కొలుస్తూ నలభై నిమిషాలు గడిపా, చాలా నీట్‌గా రాసుకున్నా కూడా. ఆయన మధ్యలో రెండుసార్లు "అమ్మా, ఒక్క నిమిషం" అన్నారు, నేను "అయిపోయింది బాబాయ్ గారూ" అంటూనే ఉన్నా. తీరా చూస్తే ఆయనకి అర్జెంటుగా బాత్రూంకి వెళ్ళాలి. భార్య, నేను కలిసి లేపబోయాం, లేపడం ఎలాగో ఆవిడకి తెలీదు, ఆ ఇంటి మంచానికి బాత్రూంకి మధ్య ఏముందో నాకు తెలీదు, దార్లోనే అయిపోయింది. ఆయన ఆ తర్వాత నా మొహం చూళ్ళేదు. అన్ని కొలతలు తీసుకున్నా గానీ ఆయనకి కావాల్సిన ఒక్కటీ తీసుకోలేదు.

కాబట్టి ముందు చూడండి. గడప ఎంత ఎత్తుంది, నేల ఏ రకం, మంచం ఎత్తు ఎంత, పట్టా ముడతలుపడి ఉందా. పడిపోయిన చెయ్యి ఎక్కడుంది, ఒళ్ళో ఉందా, మంచం పక్కకి వేలాడుతోందా, ఆయన కిందే నలిగిపోతోందా. మీరు ప్రశ్న అడిగితే జవాబు ఆయన చెప్తున్నారా భార్య చెప్తోందా. మాట రాక ఆవిడ చెప్తోందా, లేక ఆయన నోరు తెరిచేలోపే చెప్పేస్తోందా, ఈ రెండూ వేరు వేరు.

స్టెప్ 3: "ఏం చెయ్యాలనుంది" అని అడగడం

నేరుగా ఇలా అడిగితే వంద మందిలో తొంభై మంది "చెయ్యి రావాలి" అంటారు. అది గోల్ కాదు, కోరిక. దాన్ని కాదనకుండా ఇంకోలా అడగండి: "జబ్బు రాకముందు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేసేవారో చెప్పండి". అప్పుడు బయటికొస్తాయి. ఒకావిడ తులసికోటకి నీళ్ళు పోయలేకపోతున్నా అంటుంది, ఒకాయన గడ్డం వేరేవాళ్ళు గీస్తుంటే సిగ్గేస్తోంది అంటాడు.

మనకి దీనికో స్కేల్ ఉంది, సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్), ఒక్కో పనికి అదెంత ముఖ్యం, ఎంత బాగా చేస్తున్నా, ఎంత తృప్తిగా ఉంది అని ఒకటి నుంచి పదిలో మార్కులు వెయ్యాలి. నా పేషెంట్ ఒకాయన కిరాణా కొట్టు ఆయన, 62 ఏళ్ళు, కుడివైపు పడిపోయింది. పదికి ఎన్ని మార్కులు అంటే అయోమయంగా చూశారు. "సరే, రూపాయిలో ఎంత వరకూ చెయ్యగలుగుతున్నారు" అన్నా. కొట్లో కూర్చోవడం "అర్ధరూపాయి", చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం "పావలా", పొట్లం కట్టడం దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆగి "అది చెల్లని కాసు" అన్నారు. రాసుకున్నా: ఐదు, మూడు, ఒకటి. ఆ పొట్లమే మా గోల్ అయ్యింది, దాని సంగతి కింద చెప్తా.

స్టెప్ 4: ఇప్పుడు పరీక్ష, క్లుప్తంగా

బార్తెల్ ఇండెక్స్ వెయ్యండి, రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకుంటున్నారో చూసే స్కేల్ అది, పది అంశాలు, వందకి. తిండి, స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం నుంచి కుర్చీకి, మెట్లు అన్నీ అందులో వచ్చేస్తాయి. అడిగి వెయ్యకండి, చేయించి వెయ్యండి. ఇంటివాళ్ళు "అన్నీ చేసుకుంటున్నాడండీ" అంటారు, చూస్తే నీళ్ళు పోసేదీ వాళ్ళే, తుడిచేదీ వాళ్ళే.

కండరాల బిగుతు మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేల్లో రాసుకోండి. భుజం కొనన ఉండే ఎముకకి సరిగ్గా కింద వేలు పెట్టి చూడండి, గుంట తగిలి వేలు దూరుతుంటే కీలు కిందికి జారినట్టు, ఎన్ని వేళ్ళు పడుతున్నాయో రాయండి. కళ్ళు మూయించి స్పర్శ, వేడి చల్ల చూడండి, ఎందుకంటే స్పర్శ లేని చెయ్యి బకెట్లో వేడినీళ్ళలో పెట్టేస్తారు. బొబ్బలెక్కిన చేతులు రెండు చూశా నేను.

ఎడమవైపు పడిపోయిన వాళ్ళలో ఇంకోటి వెతకండి, నెగ్లెక్ట్. ఎడమవైపు లోకం ఉందనే మెదడుకి గుర్తుండదు. పేపర్ మీద గీత గీసి మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి పెడతారు. ఒక ఇంట్లో అత్తగారు రోజూ కోడలితో గొడవ, "నాకు కూర వెయ్యలేదు" అని. కంచంలో కూర ఉంది, ఎడమపక్కన. నేను మాట్లాడకుండా కంచాన్ని సగం తిప్పా, "ఇప్పుడు వేశావా" అన్నారు ఆవిడ. కోడలు ఏడుస్తూ నవ్వింది, మూడు వారాలుగా పడుతోంది పాపం. అలాంటివాళ్ళకి కంచం ఎడమ అంచుకి ఎర్ర టేపు అంటించి, ఆ టేపు కనిపించేదాకా తల తిప్పి ఆ తర్వాతే తినడం అలవాటు చెయ్యండి.

మింగడం కూడా గమనించండి. తాగిన వెంటనే దగ్గు, గొంతులో గుర్రుమనే తడి శబ్దం ఉంటే ఆపేసి డాక్టర్‌కీ స్పీచ్ థెరపిస్ట్‌కీ చెప్పండి. "అన్నం కష్టమని చారే పోస్తున్నాం" అంటారు, కానీ దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పోయేది పల్చటివే, చారు, మజ్జిగ, నీళ్ళు.

స్టెప్ 5: భుజాన్ని కాపాడండి, మిగతావన్నీ తర్వాత

మొదటి రోజు ఇంకేం నేర్పకపోయినా ఇది నేర్పి రండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు. చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు. ఇంటికొచ్చే ప్రతి చుట్టం ఇదే చేస్తాడు, ప్రేమతోనే చేస్తాడు. కండరాల పట్టు లేని భుజం లాగితే నొప్పి మొదలవుతుంది, నొప్పి మొదలయ్యాక ఆయన మిమ్మల్ని ఆ చెయ్యి ముట్టుకోనివ్వరు, అక్కడితో మన పని నెలలు వెనక్కి.

లేపాలంటే నడుం దగ్గర పట్టుకోవాలి. మొదట్లో కుర్చీ బాగున్న వైపు పెట్టి అటే తిప్పి కూర్చోబెట్టండి, ఒక నవారు బెల్టో గట్టి తువ్వాలో నడుముకి కడితే పట్టు దొరుకుతుంది. కూర్చున్నప్పుడు చెయ్యి దిండు మీద, నడిచేటప్పుడు స్లింగ్, అంటే మెడకి వేలాడదీసే పట్టీలో. రోజంతా స్లింగ్‌లో ఉంచితే మోచెయ్యి అలాగే ముడుచుకుపోతుంది. కిటికీకి కప్పీ తాడు కట్టి బాగున్న చేత్తో ఈ చేతిని పైకి లాగే ఎక్సర్‌సైజ్ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, తీయించెయ్యండి, భుజం నొప్పికి అదో దగ్గరి దారి.

స్మైలీ బాల్ కూడా. ప్రతి ఇంట్లో దిండు పక్కన ఉంటుంది అది. వేళ్ళు ఆల్రెడీ ముడుచుకుంటున్న చేతిని ఇంకా పిసికించడం దేనికి? మనకి కావాల్సింది తెరుచుకోవడం. బాల్ తీసి మనవడికి ఇచ్చేయమంటా.

స్టెప్ 6: స్నానం, బట్టలు, తిండి

స్నానం కూర్చునే. ప్లాస్టిక్ కుర్చీ చాలు, కానీ జారేది, కాళ్ళు పల్చటిది వద్దు, కాళ్ళకి రబ్బరు బుష్‌లు వేయించండి. ఒంటి మీద తువ్వాలు కట్టుకునే ఉండనివ్వండి, మగవాళ్ళకి ఆడ థెరపిస్ట్ నేర్పాలంటే కొడుకునో అల్లుడినో లోపల ఉంచి మీరు గుమ్మం దగ్గర నుంచి చెప్పినా సరిపోతుంది. నీళ్ళు వేడి ఎంతుందో బాగున్న చేత్తో చూసుకోవాలి. సబ్బు జారిపోతుంటే పాత సాక్స్‌లో వేసి ముడి కట్టి కుర్చీకి వేలాడదీయండి.

బట్టలకి ఒకటే సూత్రం: తొడుక్కునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. చొక్కాని ఒళ్ళో పరిచి, ఆ చేతిని కాళ్ళ మధ్య వేలాడే చొక్కా చేతిలోకి వదిలితే దానంతటదే జారుతుంది. లుంగీ ముడి ఒంటి చేత్తో నిలవదు, ఎలాస్టిక్ పెట్టి కుట్టించండి, వీధి చివర టైలర్ కుట్టిస్తాడు. ఆడవాళ్ళ లంగాకి కూడా నాడా తీసి ఎలాస్టిక్. చీర మొదట్లో వద్దు నైటీ చాలు అంటాం మనం, కానీ ఒకావిడ "ముప్పై ఏళ్ళు టీచర్‌గా చేశా, నైటీలో ఎవరి ముందుకీ రాను" అన్నారు. ఆవిడకి కుచ్చిళ్ళు ముందే కుట్టేసిన చీర చేయించాం, నడుముకి వెల్క్రో.

తిండి దగ్గర ఆగాలి కొంచెం. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకి ఎడమచేత్తో స్పూన్ ఇచ్చి తినమనడం పుస్తకంలో సులువు. మన పెద్దవాళ్ళకి ఎడమచేత్తో తినడం అంటే చావుతో సమానం, కొందరు అందుకే తినడం మానేస్తారు, ఇంట్లోవాళ్ళు ఆకలి తగ్గింది అనుకుంటారు. తిట్టకండి, లాజిక్ చెప్పకండి. ఎడమచేత్తో స్పూన్‌కి ఒప్పుకుంటారు, ఉత్త చేతికి ఒప్పుకోరు, అక్కడ మొదలుపెట్టండి. పిడి లావు చెయ్యడానికి సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. అంచు నిలువుగా ఉన్న స్టీలు కంచం, కింద తడిబట్ట వేస్తే జరగదు.

కుడిచేతి వేళ్ళు కొంచెమైనా కదులుతుంటే ముద్ద కలపడమే థెరపీ. ఎప్పుడైనా గమనించారా, అన్నం కలపడంలో నాలుగు వేరే పనులున్నాయి: వేళ్ళు విప్పి మెతుకుల్ని విడదీయడం, మళ్ళీ ఐదు వేళ్ళూ దగ్గరికి తెచ్చి కూడగట్టడం, చెయ్యి తిప్పి వేళ్ళ చివర్ల మీద ముద్ద నిలపడం, నోటి దగ్గర బొటనవేలితో తోయడం. మొదట ముద్దపప్పు అన్నం మెత్తగా కలిపి ఇవ్వండి, ముద్ద నిలుస్తుంది. తర్వాత సాంబారన్నం. పెరుగన్నం ఆఖర్న, అది వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. సులువు నుంచి కష్టానికి మెట్టు మెట్టుగా వెళ్ళడాన్ని ఎగ్జామ్‌లో గ్రేడింగ్ అని రాశామే, అది ఇదే.

స్టెప్ 7: ఇల్లు మార్చడం

ఇక్కడే గొడవలు. గడప తీయించండి అంటే ఎవరూ తీయరు, పసుపు రాసి బొట్టు పెట్టే గడప అది. అడక్కండి అసలు. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు లెక్కన చెక్క ర్యాంప్ చేయించి రెండు పక్కలా పెట్టండి, నాలుగంగుళాల గడపకి నాలుగడుగులు. వరలక్ష్మీ వ్రతం రోజు తీసి పక్కన పెట్టుకుంటారు, మళ్ళీ వేస్తారు.

టాయిలెట్ ఇండియన్ ది అయితే కమోడ్ కుర్చీ దాని మీద పెట్టొచ్చు. సీటు 17 నుంచి 19 అంగుళాలు అని ఉంటుంది, కానీ మన పొట్టి అమ్మమ్మలకి పాదాలు నేలకి ఆనకపోతే చిన్న పీట వెయ్యండి. గోడకి పట్టుకునే రాడ్డు 33–36 అంగుళాల ఎత్తులో, బాగున్న చేతి వైపు, స్క్రూలతో. గాలి పట్టు మీద అతుక్కునే రాడ్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, మనిషి బరువు దాని మీద వెయ్యనివ్వకండి.

ట్యాప్ తిప్పేది కాకుండా లీవర్ ది. రాత్రికి చిన్న బల్బు. అంతే, పదివేలు పెట్టించే లిస్టు మొదటి రోజే ఇవ్వకండి.

స్టెప్ 8: చేతి పని, ఇంట్లో సామాన్లతో

చేత్తో పిసికే థెరాపుట్టీ ముద్ద కొనిపించక్కర్లేదు, చపాతీ పిండి ఉంది. బట్టల క్లిప్పులు, చింతగింజలు, గవ్వలు, చిక్కుడుకాయలు ఒలవడం, ముగ్గు పిండి. ముగ్గు చూడ్డానికి చిన్న పనే గానీ బొటనవేలు చూపుడువేలు మధ్య పిండి ఎంత వదలాలో అంతే వదలడం చాలా పెద్ద పని. నేల మీదికి వంగలేకపోతే బల్ల మీద నల్ల ట్రేలో వేయించండి.

బాగున్న చేతికి గ్లోవ్ తొడిగి పడిపోయిన చేత్తోనే పనిచేయించే పద్ధతి అందరికీ కాదు. మణికట్టు సుమారు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు వెనక్కి లేపగలిగితేనే. ఏ కదలికా లేని చేతికి ఇది పెడితే హింసే. వాళ్ళకి అద్దం పనికొస్తుంది: బల్ల మధ్యలో నిలువుటద్దం, పడిపోయిన చెయ్యి వెనక, బాగున్న చేతిని కదిలిస్తూ అద్దంలో చూడటం. ఖర్చు లేదు, రోజూ చేస్తేనే ఫలితం.

ఇప్పుడు కొట్టు ఆయన సంగతి. పొట్లం కట్టడాన్ని ముక్కలు చేశాం: కాగితం చింపడం, శంఖంలా చుట్టడం, జీలకర్ర పోయడం, పైన మడవడం, దారం చుట్టడం, తెంపడం. కుడిచేతి వేళ్ళు సరిగ్గా రాలేదు ఆయనకి, ఉన్నదల్లా భుజం మోచెయ్యి కదలిక. అందుకని ఆ చేతిని పేపర్ వెయిట్ చేశాం. కాగితం మీద ముంజెయ్యి పెట్టి నొక్కితే కదలదు, ఎడమచేత్తో చుట్టొచ్చు. శంఖాన్ని నిలబెట్టడానికి గల్లాపెట్టె పక్కన చిన్న డబ్బా. దారం కండె ఎప్పుడూ పైనుంచే వేలాడుతుంది కదా, అది కలిసొచ్చింది. తెంపడం మాత్రం పళ్ళతోనే, వద్దన్నా వినలేదు. మొదటి పొట్లానికి పదకొండు నిమిషాలు, సగం జీలకర్ర బల్ల మీద. ఏడో వారానికి రెండు నిమిషాల్లోకి వచ్చింది. కిలో, రెండు కిలోల వాటికి మాత్రం కొక్కేనికి కవర్లు నోరు తెరిచి తగిలించాం, పోసి ఇచ్చెయ్యడమే.

స్టెప్ 9: ఇంటివాళ్ళు, నమ్మకాలు, కాగితాలు

పావురం రక్తంతో మర్దనా చేయిస్తామంటారు, పక్క ఊళ్ళో నాటుమందు అంటారు. కస్సుమనకండి, మీరు వెళ్ళిపోయాక చేయిస్తారు, మీకు చెప్పరు అంతే. నేను మూడు షరతులు పెడతా: బీపీ మాత్రలు ఆపకూడదు, లోపలికి ఏదీ తాగించకూడదు, భుజం లాగకూడదు. చర్మం కింద ఇన్ఫెక్షన్ల సంగతి కూడా చెప్తా, సగం మంది అక్కడే ఆగిపోతారు.

మూతి వంకర, కొత్తగా చెయ్యి జారడం, మాట ముద్దగా రావడం మళ్ళీ కనిపిస్తే థెరపిస్ట్‌కి ఫోన్ కాదు, 108కి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమ్, ఈ ముక్క ఫ్రిజ్ మీద రాసి అంటించి వస్తా.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ గురించి అడుగుతారు, తెలుసుకుని ఉండండి. 40 శాతం, ఆపైన ఉంటే పెన్షన్‌కి అప్లై చెయ్యొచ్చు. ఏపీలో 2024 జులై నుంచి నెలకి 6000, పక్షవాతంతో మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైన వాళ్ళకి 15000, తెలంగాణలో 2023లో 4016 చేశారు. మీ నోట్స్‌లో బార్తెల్ స్కోర్లు తేదీలతో ఉంటే వాళ్ళకి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

స్టెప్ 10: ఆపడం

ఎవరూ చెప్పరు ఇది. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. కానీ నాలుగు వారాలుగా స్కోరు కదలకపోతే, ఇంటివాళ్ళు మీరు లేకుండానే అన్నీ చేయిస్తుంటే, వారానికి మూడు విజిట్లు ఒకటి చెయ్యండి, తర్వాత నెలకొకటి. "మీరొస్తే ధైర్యంగా ఉంటుంది మేడం" అంటారు, ఫీజు కూడా బాగానే ఉంటుంది, అక్కడే జాగ్రత్త. ఆఖరి విజిట్‌లో సీఓపీఎం మళ్ళీ వెయ్యండి, పాత మార్కులు చూపించకుండా. మా కొట్టు ఆయన్ని పొట్లం గురించి అడిగితే "ముప్పావలా" అన్నారు, మిగతా పావలా ఏమైందంటే "దారం పళ్ళతో తెంపొద్దన్నావుగా" అన్నారు. అదే ఆఖరి విజిట్ అనుకున్నా గానీ, ఇంకోసారి వెళ్ళి గల్లాపెట్టె అంచుకి ఒక బ్లేడు ముక్క బిగించే ఏర్పాటు చూడాలి, వేలు తెగకుండా.